రెండు వారాల్లో ముగిసిన ఆల్బమ్, మూడేళ్ళయినా మొదలుకాని మన రికార్డింగు



ఈసారి వ్రాత కాస్త పొడుగే. కాఫీ పెట్టుకుని కూర్చోండి. విషయం మీకు తెలిసిందే, అవ్వల పాటల రికార్డింగు. పోయిన నెల కార్యవర్గంలో పెట్టిన ఖర్చుల పట్టిక చూశాక మేము నలుగురైదుగురం విడిగా కూర్చుని మాట్లాడుకున్నాం. మాకు అనిపించింది నేరుగా చెబితే మళ్ళీ పాత వాదనే మొదలవుతుంది. అందుకని ముందు ఒక అమెరికా ఆల్బమ్ కథ చెబుతాం. "మన పెళ్ళి పాటలకూ ఆ గిటార్ల మోతకూ ఏం సంబంధం" అని కొందరు అడుగుతారు. ఓపిగ్గా చదివితే సంబంధం కనిపిస్తుంది. కనిపించకపోతే కింద కామెంటులో తిట్టండి, పడతాం.

ఆ ఆల్బమ్ పేరు "గెట్ ది నాక్". బృందం పేరు "ది నాక్". ఊరు లాస్ ఏంజిలిస్, సంవత్సరం 1979. పేరు గుర్తు రాకపోయినా అందులోని "మై షరోనా" పాట చెవిన పడనివాళ్ళు తక్కువ. ముందు డ్రమ్ము ఒక్కటే దడదడలాడుతుంది, తర్వాత బేస్ గిటారు వచ్చి కలుస్తుంది, ఆ తర్వాత గిటారు అదే వరుసను అందుకుంటుంది. మన కాలేజీ రోజుల్లో పక్క గది కుర్రాడు క్యాసెట్టు పెడితే గోడ అదిరేది, ఆ పాటే.

ఇలాంటి సంగీతాన్ని పవర్ పాప్ అంటారు. పేరు చూసి భయపడనక్కరలేదు. 1960ల బీటిల్స్ పాటల్లో ఉన్న తియ్యటి వరుసలు, ఇద్దరు ముగ్గురు కలిపి పాడే గొంతులు, మూడు నిమిషాల్లో ముగిసే పాట, వీటన్నిటికీ గట్టిగా మోగే గిటార్లు, బలమైన డ్రమ్ము తోడైతే అదే పవర్ పాప్. ఆ మాట ముందుగా వాడింది ది హూ బృందంలోని పీట్ టౌన్షెండ్, 1967లో. తర్వాత బ్యాడ్‌ఫింగర్, రాస్ప్‌బెర్రీస్, బిగ్ స్టార్ వంటి బృందాలు వచ్చాయి. బిగ్ స్టార్‌ది పెద్ద విషాదం. 1972లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌ను విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, కానీ పంపిణీ సరిగా లేక దుకాణాలకే చేరలేదు. మంచి పాట ఉండి వినేవాడి చేతికి అందకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. మన దగ్గరా అలాంటివి ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాం.

ఇప్పుడు అసలు సంగతి. "గెట్ ది నాక్" మొత్తం, 12 పాటలు, రికార్డు చేయడానికి రెండు వారాలు కూడా పట్టలేదు. అయిన ఖర్చు సుమారు 18 వేల డాలర్లు. గ్లెండేల్‌లోని ఒక స్టూడియోలో 1979 ఏప్రిల్‌లో నలుగురూ ఒకే చోట నిలబడి వాయించారు, పాడారు. పాడేది, రిథమ్ గిటారు వాయించేది డగ్ ఫీగర్. ప్రధాన గిటారు బర్టన్ అవేర్, బేస్ ప్రెస్కాట్ నైల్స్, డ్రమ్ము బ్రూస్ గ్యారీ. చాలా పాటలు ఒకటి రెండు టేకుల్లోనే అయిపోయాయి. పైనుంచి అతికించిన చేర్పులు చాలా తక్కువ. వయొలిన్ల వరుసలు లేవు, బాకాలు లేవు, కీబోర్డుల పొరలు లేవు. క్లబ్బులో ముందు వరుసలో కూర్చుంటే ఎలా వినిపిస్తారో దాదాపు అలాగే రికార్డు మీదా వినిపిస్తారు.

ఇది ఎంత విడ్డూరమో తెలియాలంటే ఆ ఏడాది మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో చూడాలి. అప్పటికి పెద్ద స్టూడియోల్లో 24 ట్రాకుల టేపు మామూలైపోయింది. అంటే సోమవారం డ్రమ్ము, బుధవారం గిటారు, వచ్చే నెల గొంతు, ఆ పై నెల గొంతు మీద మరో గొంతు, ఇలా విడివిడిగా ఎక్కించి చివర్లో కలపవచ్చు. మంచి సౌకర్యమే. కానీ సౌకర్యం ఉంటే దాన్ని వాడకుండా చేయి ఊరుకోదు. ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం అదే 1979లో తెచ్చిన "టస్క్" అనే జంట ఆల్బమ్‌కు పది లక్షల డాలర్లకు పైనే అయిందని చెప్పుకుంటారు. ఈగల్స్ బృందం "ది లాంగ్ రన్" కోసం ఏడాదికి పైగా స్టూడియోలోనే కూర్చుంది. అవి చెత్త ఆల్బమ్‌లని మేము అనడం లేదు. "టస్క్" మాలో ఒకరికి ప్రాణం, ఆ మాటంటే మాతో మాట్లాడటం మానేస్తాడు. వాళ్ళకు అది కుదిరింది, పెట్టుకున్నారు. డబ్బూ సమయమూ పోసినంత మాత్రాన పాటలో ప్రాణం పెరుగుతుందని లెక్క లేదు, మేము అంటున్నది అంతే.

18 వేల డాలర్ల ఆ ఆల్బమ్ 1979 జూన్‌లో వచ్చింది. రెండు వారాల్లోపే 5 లక్షలు అమ్ముడైంది, వేసవి దాటకముందే 10 లక్షలు. బిల్‌బోర్డు జాబితాలో ఐదు వారాలు మొదటి స్థానం. "మై షరోనా" పాట ఆరు వారాలు పైన కూర్చుంది, ఆ సంవత్సరానికి బిల్‌బోర్డు లెక్కలో అదే ఒకటో పాట. డిస్కో రాజ్యమేలుతున్న రోజులవి. షిక్ బృందం డిస్కో పాట "గుడ్ టైమ్స్"ను కిందికి దింపి పైకెక్కింది, నాలుగు వాయిద్యాల ఈ పాట.

అదృష్టం అందామా? మాకు అలా అనిపించదు. రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, రికార్డింగు రెండు వారాలే కానీ తయారీ రెండు వారాలది కాదు. ఆ బృందం 1978లో మొదలై నెలల తరబడి లాస్ ఏంజిలిస్ క్లబ్బుల్లో రాత్రిళ్ళు ఈ పాటలే వాయించింది. ఎక్కడ జనం చప్పట్లు కొడతారో, ఎక్కడ బీరు తెచ్చుకోవడానికి లేచి వెళతారో వాళ్ళకు తెలిసిపోయింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అంతటివాడు వచ్చి వేదిక ఎక్కి వాళ్ళతో కలిసి వాయించాడు. రికార్డు కంపెనీలు వెంటపడ్డాయి, చివరికి క్యాపిటల్ కంపెనీ పట్టుకుంది. స్టూడియో తలుపు తీసేసరికి పాటలు చేతివేళ్ళకు అలవాటైపోయి ఉన్నాయి. ఇక అక్కడ ఆలోచించాల్సింది ఏముంది, వాయించడమే. రోజూ చేసే పులిహోర అమ్మమ్మ కొలత పెట్టుకుని చేస్తుందా?

రెండు, ప్రొడ్యూసర్ మైక్ చాప్మన్. ఆస్ట్రేలియాలో పుట్టినవాడు. నిక్కీ చిన్‌తో కలిసి స్వీట్, సుజీ క్వాట్రో, స్మోకీ బృందాలకు హిట్ పాటలు రాసినవాడు. అంతకు ముందు ఏడాదే బ్లాండీ బృందానికి "ప్యారలల్ లైన్స్" చేశాడు. అందులో ఆయన వారాల తరబడి కూర్చుని ఒక్కొక్క ముక్కనూ మళ్ళీ మళ్ళీ వాయించి పాడించాడు, బృందం విసిగిపోయింది కూడా. అంటే చెక్కడం చేతకాక నాక్‌ను వదిలేశాడని కాదు. చెక్కడం బాగా వచ్చినవాడు, ఇక్కడ చెక్కితే పాడవుతుందని చూసి ఉలి పక్కన పెట్టాడు. మాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే. చేతకానివాడు వదిలేస్తే నిర్లక్ష్యం అంటాం. వచ్చినవాడు వదిలేస్తే దానికి వేరే పేరు ఉండాలి.

పాట విని చూడండి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని. బ్రూస్ గ్యారీ డ్రమ్ము దెబ్బ ఎక్కడో దూరంగా ప్రతిధ్వనుల మధ్య ఉండదు, పక్క గదిలో పడినట్టు ఉంటుంది. గిటారు చెవికి ఒకవైపు గరుగ్గా తగులుతుంది. నడుమ అవేర్ గిటారు సోలో వస్తుంది, పొడుగ్గా, సాగి సాగి, మధ్యలో ఒకచోట వేళ్ళు కాస్త తొందరపడ్డాయేమో అనిపిస్తుంది. దిద్దలేదు. అలాగే ఉంచారు. రేడియో కోసం వేసిన చిన్న రికార్డులో ఆ సోలోను కుదించారు గానీ ఆల్బమ్‌లో ముట్టుకోలేదు. మాకైతే ఆ పాట మొత్తంలో ఆ తొందరే మనిషిలా అనిపిస్తుంది.

ఇంత మెచ్చుకున్నాం కాబట్టి ఇంకో వైపు కూడా చెప్పాలి. పాటల సాహిత్యం చాలా చోట్ల మోటు. కుర్రతనపు కోరికలు, ఆడపిల్లల గురించి అహంకారపు మాటలు. ఈ ఆల్బమ్‌ను సంఘం హాల్లో పెట్టమని మేము అనం, పెడితే మొదట లేచి వెళ్ళేది మా అక్కే. పైగా ఆల్బమ్ అట్ట మీద నలుపు తెలుపు ఫోటో, క్యాపిటల్ పాత లేబులు, అంతా బీటిల్స్‌ను గుర్తు చేసేలా పేర్చారు. పత్రికలకు ఇంటర్వ్యూలు ఇవ్వమన్నారు. కొత్తవాళ్ళు ఇంత పొగరుగా ఉంటే ఎవరు ఊరుకుంటారు? వెంటనే వ్యతిరేకత మొదలైంది. శాన్ ఫ్రాన్సిస్కో కళాకారుడు హ్యూ బ్రౌన్ వాళ్ళను వెక్కిరిస్తూ ఒక ప్రచారమే నడిపాడు, చొక్కాలు, బొత్తాలు అమ్మాడు. 1980లో వచ్చిన రెండో ఆల్బమ్‌కు కూడా చాప్మనే ప్రొడ్యూసర్, పద్ధతీ అదే, కానీ మొదటిదాని దరిదాపులకు రాలేదు. మూడోది ఇంకా తక్కువ. 1981 చివరికి బృందం విడిపోయింది. కాబట్టి "వేగంగా చేస్తే విజయం" అని ఎవరైనా మంత్రం చెబితే నమ్మకండి, మేమూ నమ్మం. గ్యారీ 2006లో, ఫీగర్ 2010లో పోయారు. ఆ రెండు వారాల్లో టేపు మీద పడింది మాత్రం మిగిలింది.

ఇంకో చిన్న ముచ్చట చెప్పి ముందుకు వెళతాం, ఇది మాకు చాలా ఇష్టం. అదే 1979లో కాలిఫోర్నియాలో ఒక కాలేజీ కుర్రాడు "మై షరోనా"కు పేరడీ కట్టి, కాలేజీ రేడియో గది ఎదురుగా ఉన్న బాత్‌రూమ్‌లో నిలబడి, ఒక్క అకార్డియన్‌తో పాడి రికార్డు చేసుకున్నాడు. బాత్‌రూమ్ ఎందుకంటే అక్కడ గొంతు బాగా మోగుతుందని. ఫీగర్‌కు అది నచ్చింది, ఆయన మాట మీద క్యాపిటల్ కంపెనీయే దాన్ని రికార్డుగా విడుదల చేసింది. ఆ కుర్రాడే తర్వాత "వియర్డ్ ఆల్" యాంకోవిక్‌గా ప్రపంచానికి తెలిశాడు. బాత్‌రూమ్ రికార్డింగు అని ఎవరూ వెనక్కి పంపలేదు చూడండి.

వేగానికి పరాకాష్ఠ అంటే బీటిల్స్‌దే. 1963 ఫిబ్రవరి 11, లండన్, అబ్బే రోడ్డు స్టూడియో. ఒక్క రోజులో పది పాటలు, పొద్దున పదింటి నుంచి రాత్రి పదకొండు దాకా. ఆ రోజు జాన్ లెనన్‌కు జలుబు. "ట్విస్ట్ అండ్ షౌట్" గొంతు చించుకుని పాడే పాట, ముందే పాడితే ఇక మిగతా పాటలకు గొంతు ఉండదు. అందుకని దాన్ని చివరికి పెట్టారు. మొదటి టేకే ఆల్బమ్‌లోకి వెళ్ళింది, రెండోసారి పాడబోతే గొంతు లేదు. వినండి, ఆ జీర అలాగే ఉంటుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మన అవ్వల దగ్గర పనికొస్తుంది.

ఇవన్నీ తెల్లవాళ్ళ కథలు అనుకునేవాళ్ళకు ఒక్క మాట. మనం చెన్నైలో ఉన్నాం. కోడంబాక్కం, వడపళని మనకు పరాయి ఊళ్ళు కావు. మన పెద్దవాళ్ళు రేడియోలో విని కంఠతా పట్టిన పాత తెలుగు సినిమా పాటలు ఎలా రికార్డు చేశారో మన సంఘంలో స్టూడియోల్లో వయొలిన్ వాయించిన పెద్దాయనను అడగండి. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ ఒకే హాల్లో ఒకేసారి. మైకుకు ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నదే మిక్సింగు. చివరి చరణంలో ఒకరి విల్లు జారితే మొత్తం పాట మొదటినుంచి. అందుకే ముందు రిహార్సలు గట్టిగా ఉండేది, మైకు ముందుకు వచ్చాక మాత్రం పని చకచకా సాగేది. ఆ పెద్దాయన మాతో ఒకమాట అన్నారు, "అప్పుడు పక్కవాడి ఊపిరి మాకు వినపడేది, ఇప్పుడు హెడ్‌ఫోన్లో క్లిక్కు వినపడుతుంది" అని. ఆయన పాతకాలం మనిషే కావచ్చు, ఇందులో మాత్రం మేము ఆయన పక్షమే.

ఇక మన సంగతి.

అవ్వల పాటలు రికార్డు చేయాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి మూడేళ్ళు దాటింది. హోసూరు నుంచి వచ్చిన కుటుంబాలవి, రాజపాళయం వాళ్ళవి, కోవిల్‌పట్టి వైపు వాళ్ళవి, చెంగల్పట్టు పల్లెల వాళ్ళవి. జోలపాటలు, గొబ్బిపాటలు, మంగళహారతులు, వియ్యపురాలిని ఆటపట్టించే పెళ్ళిపాటలు, నాట్ల పాటలు. పుస్తకంలో లేనివి. ఇంట్లో తెలుగు మాట్లాడి బయట తమిళం మాట్లాడుతూ తరాలు గడిపిన మనవాళ్ళు నోటితో మోసుకొచ్చినవి. జాబితా వేసినప్పుడు పాడగలిగే ఆడవాళ్ళు పదకొండుమంది తేలారు. ఇప్పుడు ఎనిమిదిమంది. ముగ్గురు పోయారు. వాళ్ళలో ఒకరికి తెలిసిన నాట్ల పాట ఇంకెవరికీ రాదు. ఆమె కోడలికి పల్లవి వరకు గుర్తుంది, తర్వాత ముక్కలు ముక్కలుగా ఉంది. ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు. తేదీలు చూసుకోండి అంటున్నాం, అంతే.

ఈ మూడేళ్ళలో జరిగిందేమిటి? మొదట ఒక స్టూడియోను అడిగాం, వాళ్ళు ఒక్కొక్కరినీ విడిగా గాజుగదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లో తాళం వినిపించి పాడిస్తామన్నారు. పరీక్షగా ఒక పెద్దమ్మను తీసుకెళ్ళాం. ఇంట్లో వంట చేస్తూ నలభై చరణాలు పాడే మనిషి ఆ గదిలో రెండు వరుసలు పాడి ఆగిపోయింది. "ఎవురూ లేకుండా ఎవురికి పాడేది" అంది. నిజమే, హారతి పాట ఒంటిగా పాడేది కాదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి, మధ్యలో ఒకరు మరిచిపోతే ఇంకొకరు లాక్కుపోవాలి, చివర్లో నవ్వాలి. తర్వాత ఇంకొకరు వాద్యబృందం పెట్టాలన్నారు. తర్వాత కీబోర్డు ప్రోగ్రామింగు. తర్వాత శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేరు. తర్వాత పేరున్న గాయనితో పల్లవులు పాడించి మనవాళ్ళ గొంతు వెనక పెడదామన్నారు. ప్రతిసారీ ఖర్చు పెరిగింది, ప్రతిసారీ నిధుల కోసం ఆగాం. ప్రస్తుత అంచనా నాలుగున్నర లక్షలు. అది సమకూరేసరికి ఎనిమిదిమందిలో ఎంతమంది ఉంటారో ఎవరైనా చెప్పగలరా?

ఈ పట్టిక తయారుచేసిన తమ్ముళ్ళ కష్టం మాకు తెలుసు. వాళ్ళ వాదనలో న్యాయం కూడా ఉంది. "నాసిరకంగా చేసి పెడితే మన పిల్లలే వినరు, వాళ్ళ చెవులు వేరే ధ్వనికి అలవాటు పడ్డాయి" అంటారు. ఈ మాటకు జవాబు చెప్పాలనే ఇంత పెద్ద కథ ఎత్తుకున్నాం. పిల్లల చెవులు మెరుపుకు అలవాటు పడ్డాయి, ఒప్పుకుంటాం. 1979 కుర్రాళ్ళ చెవులు కూడా డిస్కో మెరుపుకు అలవాటు పడే ఉన్నాయి. అయినా నాలుగు వాయిద్యాల పాట వినగానే చెవి నిక్కించారు, చుట్టూ ఉన్న మెరుపులో అది వేరుగా వినపడింది గనక. వేలకొద్దీ కీబోర్డు భక్తిపాటలు ఫోన్లో ఉన్నాయి, ఇంకొకటి కలిపితే ఎవరు గుర్తుపడతారు? ఎనిమిదిమంది ముసలివాళ్ళు ఒక చాప మీద కూర్చుని, ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ పాడితే, ఆ ధ్వని ఇంకెక్కడా దొరకదు.

ఇంకొక సంగతి ఉంది, ఇది ఖర్చుకంటే మాకు ఎక్కువ బాధ కలిగించింది. పాటల సాహిత్యం టైపు చేసిన ప్రతి చూశాం. అవ్వ "ఉండారు" అని పాడినచోట "ఉన్నారు" అని దిద్దారు. "యాడికి" అన్నచోట "ఎక్కడికి" అయింది. ఒక పాటలో నడుమ వచ్చే తమిళ మాటను తీసేసి దాని బదులు ఒక సంస్కృత పదం పెట్టారు. ఆ పదం ఆ అవ్వ జీవితంలో ఎన్నడూ పలికి ఉండదు. దిద్దినవాళ్ళ ఉద్దేశం మంచిదే, హైదరాబాదులో విజయవాడలో విన్నవాళ్ళు నవ్వకూడదని. కానీ అవి తప్పులు కావు. మనం ఎక్కడి నుంచి వచ్చామో, ఎవరి పక్కన బతికామో చెప్పే ఆనవాళ్ళు అవే. అవి తీసేస్తే మిగిలే పాట ఏ ఊరిదైనా కావచ్చు, మనది అని ఎలా తెలుస్తుంది? అవేర్ సోలోలో ఆ తొందరను దిద్దకుండా ఉంచినట్టు, లెనన్ గొంతులో జీరను ఉంచినట్టు, వీటిని ఉంచాలి. కావాలంటే పక్కన అర్థం రాద్దాం.

మరి చేతికి వచ్చినట్టు చేసేద్దామా? కాదు. నాక్ కథలో మొదటి కారణం తయారీ. మన అవ్వలకు క్లబ్బుల్లో అలవాటు అక్కర్లేదు, అరవై ఏళ్ళుగా వంటింట్లో, పెళ్ళి పందిట్లో పాడుతూనే ఉన్నారు, అంతకంటే రిహార్సలు ఏముంటుంది? తయారీ కావలసింది మనకు. ఎవరు ఏ పాట ఎత్తుకుంటారు, ఎవరికి ఎన్ని చరణాలు వచ్చు, ఎవరికి ఏ పూట గొంతు బాగుంటుంది, ఎవరికి ఏ మందు ఎప్పుడు వేయాలి, ఇవి ముందుగా రాసుకోవాలి. రెండో కారణం, ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి. దానికి స్టూడియో పెద్దాయనే సరైనవారు, ఆయన ఒప్పుకున్నారు కూడా. రూపాయి తీసుకోనన్నారు, ఫిల్టర్ కాఫీ మాత్రం గంటకొకటి కావాలన్నారు. అది మంజూరు చేయడానికి తీర్మానం అక్కర్లేదనుకుంటాం.

మేము ప్రతిపాదించేది ఇది. రెండు శనివారాలు, రెండు ఆదివారాలు, మన హాల్లోనే. గోడలకు దుప్పట్లు, కిటికీలకు మందపాటి పరదాలు, కింద జంపఖానా. రెండు మంచి మైకులు, ఒక రికార్డరు, అద్దెకు. అందరూ అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు, శ్రుతిపెట్టె ఒక్కటే తోడు, గాజుల చప్పుడు వస్తే రానివ్వండి. ఒక్కో పాటకు రెండు టేకులు, మరీ అవసరమైతే మూడు. హెచ్చు స్థాయిలో పాడే గొబ్బిపాటలు రోజు చివర్లో, జోలపాటలు పొద్దున. ప్రతి పాట తర్వాత అది ఎక్కడ నేర్చుకుంది, ఎవరి దగ్గర నేర్చుకుంది ఆమె నోటితోనే రెండు మాటలు. ఖర్చు, భోజనాలు ఆటోలు కలుపుకుని, ఇప్పటి అంచనాలో పదో వంతు దాటదు. మిగిలిన డబ్బు ఉంటే తర్వాత వాద్యబృందంతో ఇంకో ఆల్బమ్ చేసుకోండి, మేము అడ్డు రాము, వచ్చి వింటాం కూడా. ముందు ఇది అయిపోవాలి.

వచ్చే ఆదివారం కార్యవర్గం కూర్చున్నప్పుడు ఈ అంశాన్ని మొదటి అంశంగా పెట్టమని అధ్యక్షులవారిని కోరుతున్నాం, చివర్లో పెడితే అన్నదానం వేళకు అందరూ లేచిపోతారు. వినికిడి తగ్గిన ఇద్దరు అవ్వలను ముందు వారమే పాడించాలి. రాజపాళయం పెద్దమ్మ పండక్కి కొడుకు దగ్గరికి పూణే వెళ్ళేది పన్నెండో తేదీన, తిరిగి ఎప్పుడు వస్తుందో ఆమెకే తెలియదు. దుప్పట్లు మా ఇంట్లో పది ఉన్నాయి, ఇంకో పదిహేను కావాలి. ఎవరి దగ్గర ఉన్నాయో కింద రాయండి.